తడిగుడ్డ చెప్పిన వాన

ఆ చైత్రమాసంలో ఒక ఉదయం మన్ననూరు వాతావరణ పరిశీలన ఆవరణలో ఉన్నవి ఇవి: నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్ల జాలీ పెట్టె ఒకటి, దాని లోపల ఉష్ణమాపకాలు నాలుగు, అడుగున దుమ్ము పట్టిన ఇత్తడి వానకొలత పాత్ర ఒకటి, తూర్పుకు తిరిగి గాలి దిక్కు చూపే ఇనుప ముల్లు ఒకటి, ఉర్దూలో అచ్చయిన ఫారాల కట్ట ఒకటి, మేకలు రెండు. మనుషులు ముగ్గురు. ఒకణ్ణి నేను, ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, హైదరాబాదులో మూడేళ్ళు సాంకేతిక చదువు చదివి ఈ కొలువులో చేరినవాణ్ణి. రెండో ఆయన పక్కనున్న జంగ్లాతు, అంటే అడవిశాఖ, బంగళా చౌకీదారు. అరవై దాటిన మనిషి. మేకలు ఆయనవే. నేను ఆయనను చాచా అనేవాణ్ణి. మూడోవాడు కంచె బయట గొంతుక్కూర్చున్న చెంచు మనిషి, పక్కన ఇప్పపువ్వు మూట.

వీటన్నిటి మీద పొగ.

నా పని చెబితే తప్ప తరువాతిది అర్థం కాదు. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం నాలుగుకు పెట్టె తెరిచి అంకెలు రాసుకోవాలి. వారానికోసారి టపాలో గద్వాల నుంచి, వనపర్తి నుంచి, నాగర్‌కర్నూలు నుంచి అక్కడి అంకెలు వస్తాయి. నావి, వాళ్ళవి కలిపి, రాబోయే పది రోజులు ఎండ ఎట్లా ఉంటుంది, గాలి ఎటు వీస్తుంది, వాన పడే అవకాశముందా అని ఒక కాగితం రాసి, మూడు చోట్లకూ తిరుగు టపాలో పంపాలి. దాన్ని కచేరీల్లో చదివి గోడకు అంటిస్తారని విన్నాను. చూడలేదు.

ఎంత దూరం కనిపిస్తున్నదో కూడా రాయాలి. దానికి నేను ఐదు గుర్తులు పెట్టుకున్నాను. బంగళా గేటు దగ్గరి టేకుచెట్టు, నూరు గజాలు. దారి మలుపులో మైలురాయి, నాలుగు వందల గజాలు. చింతతోపు, ముప్పావు మైలు. నల్లబండ గుట్ట, రెండు మైళ్ళు. తూర్పు గట్టు, ఏడు మైళ్ళు. ఫాల్గుణంలో ఐదూ కనిపించేవి. ఉగాదికి తూర్పు గట్టు పోయింది. తరువాతి వారంలో నల్లబండ పోయింది. ఆ ఉదయం చింతతోపు ఉన్నదని తెలిసి చూస్తే ఉన్నట్టు అనిపించేది, తెలియనివాడికి అక్కడ ఏమీ లేదు.

అడవిలో ఇప్పపువ్వు రాలే కాలంలో చెట్ల కింద ఎండుటాకు తగలబెట్టడం ఏటా ఉండేదే. నేల నల్లగా, శుభ్రంగా ఉంటే పువ్వు ఏరుకోవడం సులువు. ఆ మంట మోకాలెత్తు లేచి చెట్టు నీడ దాటకుండా ఆరిపోతుంది. ఆ ఏడు తూర్పు గట్టు అవతల ఎవరో పెట్టిన నిప్పు ఆరలేదు. ముందటేడు వానలు బాగా పడి గడ్డి నడుమెత్తు పెరిగి ఉండటం ఒక కారణం. శిశిరంలో మంచు లేకపోవడం ఇంకో కారణం. గడ్డి పట్టుకున్న నిప్పు గట్టు ఎక్కింది, గట్టు దిగడం మొదలుపెట్టింది.

మూడు ఊళ్ళ నుంచి వచ్చిన కాగితాల్లో ఈ పొగ తలా ఒక తీరుగా ఉంది. గద్వాల రాసింది: ఆకాశం నిర్మలం, వడగాలి. వనపర్తి రాసింది: ధూళి. నాగర్‌కర్నూలు రాసింది: మసక, గుట్టలు కనబడుట లేదు. ఫారంలో ధూళికి గడి ఉంది, మంచుకు గడి ఉంది. పొగకు గడి లేదు. నేను కూడా ధూళి గడిలోనే గుర్తు పెట్టి పక్కన చిన్న అక్షరాలతో పొగ అని రాశాను.

కంచె బయటి మనిషికి ముప్పై ఏళ్ళుంటాయి. ఆయన పెంట, అంటే చెంచుల గూడెం, బంగళాకు ఆరు మైళ్ళ కింద లోయలో ఉంది. ఏడు గుడిసెలు. పది రోజులకోసారి తేనె, జిగురు, ఇప్పపువ్వు పట్టుకుని పైకి వచ్చేవాడు. ఆ రోజు మూట విప్పలేదు.

"సామీ, ఒక మాట అడగాల్నని వచ్చిన," అన్నాడు.

"అడుగు."

"గట్టు దిక్కు నిప్పు దిగుతున్నది. వాగు అవుతలి పక్క ఉన్నది ఇంకా. వానొస్తదా? వస్తే ఎన్నొద్దులకొస్తది?"

చాచా మేకలకు వేప రొట్ట వేస్తూ నవ్వాడు. "మీ తాతలు చీమను చూసి వాన చెప్తుండిరి. నువ్వు పెట్టెను అడుగుతున్నవ్."

"చీమలు పొగకు లోపటికి పోయినయి సాయిబు మామా. కనవడ్తలెవ్వు," అన్నాడు ఆయన. తరువాత నా వైపు తిరిగి, "మా ఇంటిది కాన్పయ్యి మూడొద్దులాయె. ఆడపిల్ల. తల్లి లేస్తలేదు, నెత్తురు శానా పోయింది. వానొచ్చేటట్టుంటే కదిలియ్య. రానట్టుంటే ఎట్లనో అట్ల పైకి తేవాలె. ఈ ఎండల ఆరు మైళ్ళు మోస్తే ఏమైతదో తెల్వదు. అందుకే అడుగుతున్న," అన్నాడు.

ఆయన నన్ను అడగడానికి కారణం ఉంది. ఫాల్గుణంలో ఒక రోజు పెట్టెలో అంకెలు చూసి, రేపు రాళ్ళవాన పడవచ్చు, ఆరబెట్టిన పువ్వు తీసెయ్యి అని ఆయనకు చెప్పాను. పడింది. పెంటలో అందరి పువ్వూ దక్కింది. ఆ తరువాత ఆయన నాకు దొన్నెడు తేనె తెచ్చి ఇచ్చాడు. ఆ రాళ్ళవాన సంగతి నిజం చెప్పాలంటే సగం అదృష్టం. అది అప్పుడు నేను ఒప్పుకునేవాణ్ణి కాను.

నేను పెట్టె తెరిచాను. పొడి ఉష్ణమాపకం తొంభై తొమ్మిది ఫారన్‌హీటు డిగ్రీలు. తడిది ఎనభై ఐదు. తేడా పద్నాలుగు.

తడి ఉష్ణమాపకం అంటే మామూలు ఉష్ణమాపకమే. దాని కింది గోళానికి పల్చటి మల్లుగుడ్డ చుట్టి, గుడ్డ కొసను చిన్న నీళ్ళ గిన్నెలో ముంచి ఉంచుతారు. గాలి పొడిగా ఉంటే గుడ్డ తడి తొందరగా ఆవిరవుతుంది, గోళం చల్లబడుతుంది, రెండు అంకెల మధ్య తేడా పెరుగుతుంది. గాలిలో తేమ ఉంటే ఆవిరి కాదు, తేడా తగ్గుతుంది. ఇంతే. నాకు ముందు పని చేసినవాడి రిజిస్టర్లు మూడేళ్ళవి చదివి నేనొక సూత్రం తయారు చేసుకున్నాను: చైత్రంలో ఆ తేడా పదిహేనుకు దిగితే మూడు రోజుల్లో గాలివాన. మూడేళ్ళలో ఐదుసార్లు అట్లా జరిగింది. గత పది రోజుల తేడాలు నా రిజిస్టరులో ఇట్లా ఉన్నాయి: ముప్పై ఒకటి, ముప్పై, ఇరవై ఎనిమిది, ఇరవై ఐదు, ఇరవై నాలుగు, ఇరవై ఒకటి, పంతొమ్మిది, పద్దెనిమిది, పదహారు, పద్నాలుగు. ఒక్కసారి కూడా పైకి పోకుండా మెట్లు దిగినట్టు దిగిన వరస. దాన్ని చూసి నాకు సంతోషం కలిగింది. ఆ మాట దాచను.

"మూడు రోజుల్లో వాన పడుతుంది. కదిలించొద్దు," అన్నాను.

చాచా తల ఎత్తాడు. "పంతులూ, చెమట పట్టంగనే ఆరిపోతున్నది. పెదవులు పగిలిపోతున్నయి. తేమ యాడికెల్లి వచ్చింది నీ పెట్టెలకు?"

"మనకు తెలియకముందే పెట్టెకు తెలుస్తుంది చాచా."

"గుడ్డు పెట్టేదాక కోడిని నమ్మొద్దంటరు," అన్నాడు ఆయన. నేను పెట్టె మూశాను.

చెంచు మనిషి మూటలోంచి నాలుగు ఇప్పపువ్వులు తీసి అరచేతిలో నలిపాడు. చెకుముకి రాయి గీసినట్టు చప్పుడైంది. "నిన్న పొద్దుగాల ఏరిన పువ్వు. మూడొద్దులు ఆరాలె. ఒక్క పూటల ఇట్లయింది," అన్నాడు, నాతో వాదించడానికి కాదు, తనకు తెలిసింది నా ముందు పెడుతున్నట్టు. తరువాత లేచాడు. "సరే సామీ. నువ్వు చదివినోనివి. గట్లనే ఉంట."

ఆయన పొగలోకి దిగిపోయాడు. టేకుచెట్టు దగ్గర ఒకసారి కనిపించాడు. మైలురాయి దాకా పోయేసరికి లేడు.

ఆ మధ్యాహ్నం టపా జవాను వచ్చాడు. మూడు ఊళ్ళకు పంపే కాగితంలో మూడు రోజుల్లో ఉరుములతో వాన అని రాసి ఇచ్చాను.

మరునాడు ఉదయం తేడా పదమూడు. గాలి తూర్పు నుంచే. బూడిద రాలడం మొదలైంది. మొదట రిజిస్టరు మీద, తరువాత చేతుల మీద, అన్నం మీద. చాచా రొట్టెలు కాలుస్తుంటే పెనం మీద పడేది. ఆయన ఊదేవాడు, మళ్ళీ పడేది. ఎండ రాగి రంగుగా ఉండేది. మేకలు మేయడం మానేసి గోడ పక్కన ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. నాకు కళ్ళు మండేవి. భయం ఇంకా వేయలేదు. భయపడవలసినది పొగకు కాదని అప్పుడు నాకు తెలియదు.

మూడో రోజు ఉదయం ఎనిమిదికి పెట్టె తెరిచాను. పొడిది నూట ఒకటి. తడిది తొంభై. తేడా పదకొండు. పదకొండు అంటే వాన గంటల్లో పడాలి. ఆకాశంలో మబ్బు లేదు, పొగ తప్ప ఏమీ లేదు. రాయబోతూ ఆగాను.

తడిగుడ్డ గిన్నె నిండుగా ఉంది.

ఆ గిన్నెలో రోజూ సాయంత్రం నీళ్ళు పోయడం నా పని. మామూలుగా మరునాటికి సగం తగ్గేవి. ఎప్పుడు పోశానో గుర్తు చేసుకున్నాను. నిన్న పోయలేదు, నిండుగా ఉందని. అంతకు ముందు రోజూ పోయలేదు, నిండుగా ఉందని. గాలిలో తేమ ఉంటే నీళ్ళు తక్కువ తగ్గుతాయి, అది నిజం. అసలు తగ్గకుండా ఉండవు. నేను చెయ్యి పెట్టి గుడ్డను తాకాను. అది గుడ్డ కాదు. బూడిద, బావినీళ్ళ సున్నం కలిసి గోళం చుట్టూ ఎండిన పేడలాగా గట్టిపడి ఉన్నాయి. నీళ్ళు పైకి ఎక్కడం లేదు. తడి ఉష్ణమాపకం పది రోజులుగా కొంచెం కొంచెంగా పొడి ఉష్ణమాపకం అవుతూ వచ్చింది. ఆ మెట్లు దిగిన వరస గాలి తేమది కాదు. గుడ్డ మూసుకుపోయిన వరస.

గుడ్డ వారానికోసారి మార్చాలని నియమం. కొత్త మల్లుగుడ్డ హైదరాబాదు నుంచి రావాలి. ఐరోపాలో యుద్ధం మొదలైనప్పటి నుంచి సామాన్లు ఆలస్యంగా వస్తున్నాయి. గుడ్డ వచ్చేదాకా ఉన్నదానితోనే నడిపించాను. ధోవతి చింపుకోవచ్చని నాకు తోచలేదు. పంపిన గుడ్డే వాడాలని అనుకున్నాను.

ఉతికిన ధోవతి అంచు చింపి చుట్టాను. గిన్నెలో కొత్త నీళ్ళు పోశాను. గడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలకు ఎనభై రెండు. ఐదు నిమిషాలకు డెబ్భై నాలుగు. పది నిమిషాలకు అరవై ఏడు, అక్కడ ఆగింది. తేడా ముప్పై నాలుగు. ఆ వేసవిలో నేను చూసిన అన్ని తేడాల్లో పెద్దది.

పెట్టె కాలు పట్టుకున్నాను.

"చాచా, వాన లేదు," అన్నాను.

ఆయన బంగళా వసారాలో నిలబడి ఉన్నాడు. నా మొహం చూసి పరాచికం ఆడలేదు. "ఆ మనిషికి ఉండుమని చెప్పినవ్ కదా," అన్నాడు.

"చెప్పాను."

"నీళ్ళ తోలుతిత్తి తీసుకో. నేను గొడ్డలి తెస్త. నడువు."

"నువ్వు బంగళా విడిచి రావొచ్చునా?"

"బంగళా నడవలేదు పంతులూ. నేను నడుస్త."

మేం బయలుదేరినప్పుడు తొమ్మిదికి ఐదు నిమిషాలు. కింది దారి మొదటి రెండు మైళ్ళు టేకు, తరువాత వెదురు, తరువాత బండలు. నేను అడుగులు లెక్కపెట్టాను. భయం వేస్తే లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. వెదురు దగ్గర కనిపించే దూరం అరవై గజాలు. బండల దగ్గర ముప్పై. చాచా ముందు నడుస్తుంటే ఆయన తలగుడ్డ తెలుపు మాత్రం కనిపించేది, కింద మనిషి కనిపించేవాడు కాదు. ఎక్కడో వెదురు కణుపులు పగులుతున్న చప్పుడు. దగ్గరో దూరమో తెలియదు. పొగలో చప్పుడుకు దిక్కు ఉండదు. అడవిలో అంతకు ముందు ఎప్పుడూ లేనన్ని ఎలుకలు మా కాళ్ళ పక్క నుంచి ఎదురు పరుగెత్తాయి. పైకి. అన్నీ పైకే.

మూడు మైళ్ళు దిగాక దగ్గులు వినిపించాయి. తరువాత కుక్కలు వచ్చాయి, తరువాత మనుషులు. వరసగా, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని ఎక్కుతున్నారు. ముందు ఒక ముసలామె, చేతిలో తవ్వుకోల. ఆమె ఆ మనిషి తల్లి. చాచా ఆమెను ఎరుగును.

"అవ్వా, కొడుకేడి?" అన్నాడు.

"కింద కూసున్నడు." ఆమె నన్ను చూసింది. "ఈయనేనా, పెట్టెల వాన ఉన్నదని చెప్పిన సామి?"

నేను తల ఊపాను.

"రాత్రి వాగు దాటింది నిప్పు. నేను లెవ్వుమన్న. అందరం లేసినం. నా కొడుకు లెవ్వడు. పెండ్లాన్ని కదిలిస్తే సస్తదంటడు. సామి చెప్పిండు, ఇయ్యాల వానొస్తది, వానొస్తే నిప్పు సల్లారుతది అంటడు. నా నోట్లెకెల్లి వచ్చిన మాట ఇనడు, నీ పెట్టెలకెల్లి వచ్చింది ఇంటడు." ఆమె దగ్గి పక్కకు ఉమ్మింది. ఉమ్మి నల్లగా ఉంది. "పో. నువ్వే చెప్పి లేపు."

నేను దారి పక్కకు తప్పుకుని వాళ్ళను లెక్కపెట్టాను. పదిహేడు. పెంటలో మొత్తం ఎందరని అడిగాను. "పుట్టినదాన్ని కలిపి ఇరవై ఒక్కరు," అన్నది ఆమె. కింద ఉన్నది నలుగురు: కొడుకు, కోడలు, పిల్ల, కోడలి తమ్ముడు. ఆమెను నేరుగా బంగళా వసారాకు పొమ్మని చాచా చెప్పాడు. బావి తాడు ఎక్కడుందో కూడా చెప్పాడు.

మిగిలిన మూడు మైళ్ళు మేం పరుగు, నడక కలిపి దిగాం. నా మనసులో ఒకటే అంకె తిరిగింది. నలుగురు. నేను చెప్పిన ఒక మాటకు నలుగురు.

పెంట చేరేసరికి గుడిసెలు కనిపించలేదు, గుడిసెల నీడలు కనిపించాయి. వాగు దిక్కున పొగ వెనక ఎర్రగా, పొడుగ్గా ఒక గీత. నాలుగు వందల గజాలు ఉండవచ్చు. రెండు వందలు కూడా కావచ్చు. దూరం కొలవడానికి నాకు అక్కడ ఏ గుర్తూ లేదు. గాలి మా మొహాల మీదికే వీస్తున్నది.

ఆ మనిషి గుడిసె గడపలో కూర్చుని ఉన్నాడు. లోపల ఆమె, పక్కన గుడ్డల్లో చుట్టిన పిల్ల. బావమరిది కుండలతో నీళ్ళు తెచ్చి గుడిసె కప్పు మీద చల్లుతున్నాడు. నన్ను చూసి ఆ మనిషి లేచాడు. నవ్వడానికి ప్రయత్నించాడు.

"వాన తెచ్చినవా సామీ?"

"వాన రాదు. నేను తప్పుగా చూశాను. పెట్టెలో గుడ్డ చెడిపోయింది. నాకు తెలియలేదు."

ఇంకా చెప్పాలని నోరు తెరిచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. కోపంతో కాదు. చాలు అన్నట్టు.

"గట్లనా," అన్నాడు. "అయితే లెవ్వాలె."

వెదురు గడకు చీర రెండు కొసలు కట్టి జోలె చేశారు. ఆమెను అందులో పడుకోబెట్టారు. ఆమె కళ్ళు తెరిచి భర్తను చూసి, "పువ్వు?" అంది. బండ మీద ఆరబెట్టిన ఇప్పపువ్వు అట్లాగే ఉంది, ఏడు ఇళ్ళది. "పువ్వు రేపు ఏరుకుందం తియ్," అన్నాడు ఆయన. ఆయన ముందు, బావమరిది వెనక గడను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పిల్లను నాకు ఇచ్చారు. చాచా తన తలగుడ్డ విప్పి, తిత్తిలో నీళ్ళతో తడిపి, నా మెడకు కట్టి అందులో పిల్లను ఉంచాడు. తడిగుడ్డ మొహానికి అడ్డం ఉండాలి, ముక్కు మూసుకోకూడదు. వేళ్ళతో గుడ్డను ఎత్తి పట్టుకుని నడిచాను. అది ఎంత తొందరగా ఆరుతున్నదో నా వేళ్ళకు తెలిసేది. రెండు వందల అడుగులకోసారి చాచా మళ్ళీ తడిపాడు.

బండల దగ్గరికి వచ్చేసరికి మా ఎడమ పక్క వెదురుపొద అంటుకుంది. నేను మంటను అంత దగ్గర ఎప్పుడూ చూడలేదు. అది పాకలేదు, ఒక పొద నుంచి ఇంకో పొదకు దూకింది, మధ్యలో నేల కాలకుండానే. దారికి అడ్డంగా కాలిన మోడు ఒకటి పడి ఉంది. చాచా గొడ్డలితో కొమ్మలు కొట్టాడు. దాటుతుంటే బావమరిది కుడికాలు నిప్పుల్లో పడింది. అతను అరవలేదు. గడను వదలలేదు. నాలుగడుగులు వేశాక, "బావా, జర మెల్లగ," అన్నాడు. అంతే. పైకి వచ్చాక చూస్తే పాదం తోలు ఊడి ఉంది.

పిల్ల ఏడవడం మానేసింది. అన్నిటికంటే ఎక్కువ భయం నాకు అప్పుడే వేసింది. పది అడుగులకోసారి గుడ్డ ఎత్తి చూశాను. డొక్కలు లేస్తున్నాయి, పడుతున్నాయి. చాలా తొందరగా.

టేకుచెట్టు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. వసారాలో పదిహేడు మంది ఉన్నారు. మేం దించిన తరువాత ఇరవై ఒక్కరు. ముసలామె వచ్చి నా మెడలోంచి పిల్లను తీసుకుంది. తల్లి పక్కన పడుకోబెట్టింది.

ఆ రోజు సాయంత్రం మూడు ఊళ్ళకు మూడు ఉత్తరాలు రాశాను. ముందటి అంచనా తప్పు, కారణం తడిగుడ్డ, గత పది రోజుల తేమ అంకెలన్నీ కొట్టివేయవలసినవి, వాన లేదు, పొగ పెరుగుతుంది అని. ధూళి అన్న మాట కొట్టేసి పొగ అని పెద్ద అక్షరాలతో రాశాను. వనపర్తి నుంచి వచ్చిన జవాబు ఒక వాక్యం: అయితే వాన ఎప్పుడు? గద్వాల జవాబు రాయలేదు. నాగర్‌కర్నూలు వాళ్ళు ముందటి కాగితం అప్పుడే చదివి వినిపించామని, ఇది కూడా వినిపిస్తామని రాశారు.

చాచా మరునాడు ఎడ్లబండి కట్టించుకుని అచ్చంపేట పోయి దవాఖాన కంపౌండరును వెంట తెచ్చాడు. ఆయన బావమరిది కాలికి మందు రాసి గుడ్డ కట్టాడు. తల్లికి మందునీళ్ళు ఇచ్చాడు. పిల్ల ఛాతీ మీద చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

"పొగ పట్టింది. ఇంత చిన్నదానికి మందు లేదు. బండిల తీస్కపోతే కుదుపులకు ఇంకింత ఖరాబైతది. గదిల ఉంచుండ్రి, తడిగుడ్డలు కట్టుండ్రి కిటికీలకు," అన్నాడు. తరువాత నన్ను పక్కకు పిలిచి, "నీ దగ్గర గడియారం ఉన్నది కదా. పొద్దుగాల, సాయంత్రం ఊపిరి లెక్కపెట్టు. నిమిషానికి అరవైకి దిగితే భయం లేదు. ఎనభై దాటితే నన్ను పిలువకు, నేను చేసేది ఏం ఉండది," అన్నాడు.

బంగళా లోపలి గది ఖాళీ చేశాం. కిటికీలకు మూడు గోనెలు, రెండు దుప్పట్లు తడిపి కట్టాం. అవి అరగంటలో ఆరేవి. పెంట ఆడవాళ్ళు వంతులు వేసుకుని తడిపారు. నేను ఎనిమిదికి, నాలుగుకు పెట్టె తెరవడానికి ముందు ఆ గదిలోకి పోయి, గడియారం ఒక చేత్తో పట్టుకుని, పిల్ల డొక్కల మీద రెండు వేళ్ళు ఆనించి లెక్కపెట్టేవాణ్ణి. తల్లి నా మొహం వైపే చూసేది. అంకె చెప్పేదాకా ఊపిరి బిగపట్టేది. అబద్ధం చెప్పాలనిపించిన రోజులు ఉన్నాయి. చెప్పలేదు.

మొదటి రోజు సాయంత్రం డెబ్భై ఆరు. రెండో రోజు డెబ్భై ఎనిమిది, డెబ్భై తొమ్మిది. మూడో రోజు ఉదయం ఎనభై ఒకటి. నేను మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ ఎనభై ఒకటే. ఆ అంకె చెప్పాక తండ్రి బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఏదైనా అంటాడేమో అనుకున్నాను. "మళ్ళ నాలుగుకు సూస్తవా సామీ?" అని మాత్రం అడిగాడు. చూస్తానన్నాను. నాలుగుకు డెబ్భై తొమ్మిది.

నాలుగో రోజు గాలి తిరిగి పడమర నుంచి వీచింది. పొగ మా మీద నుంచి కృష్ణానది దిక్కుకు తొలగింది. నిప్పు తాను కాల్చిన నేల మీదికే మళ్ళి తిండి లేక ఆగింది. పెంటలో ఏడు గుడిసెల్లో ఐదు కాలాయని, బండ మీది పువ్వంతా మాడిపోయిందని చూసివచ్చినవాళ్ళు చెప్పారు. తల్లి లేచి గోడ పట్టుకుని నాలుగడుగులు నడిచింది. పిల్ల ఆ రోజు డెబ్భై రెండు. తరువాత రెండు రోజులూ డెబ్భై దగ్గరే నిలిచింది, పైకి పోలేదు, కిందికి రాలేదు. ఆ రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఏడో రోజు అరవై ఆరు. ఎనిమిదో రోజు అరవై మూడు.

తొమ్మిదో రోజు ఉదయం ఎనిమిదికి రిజిస్టరులో రాసినవి ఇవి. గాలి పడమర. పొడిది నూట మూడు. తడిది అరవై ఎనిమిది. వాన సున్నా. ఫారంలో గడి లేనందున అంచున రాసినది: పిల్ల ఊపిరి, నిమిషానికి యాభై ఎనిమిది.